ఆకాశము చెప్పు ఆనవాలు

పలనాటి సీమలో పాతగుడి లేని యూరు అరుదు. పాతగుడి యున్నచోట గుప్తనిధి మాట లేకుండుట మరింత అరుదు. ధ్వజస్తంభము క్రింద బంగారమున్నదనియు, వీరుల కాలమునాటి లంకెబిందెలు ఫలానా గుట్టమీద పాతిపెట్టబడి యున్నవనియు అమ్మమ్మలు చెప్పగా వినని వారెవరు? కథగా చెప్పుకొన్నంతవరకు అది యొక వేడుక. కాని ఆ మాటనే నమ్మి, గునపములు పుచ్చుకొని, అర్ధరాత్రమున శిథిలాలయములలో జొరబడి, లింగములను పెకలించి, నందులను పగులగొట్టు దుండగులును మన రాష్ట్రమున కలరు. 1878లో చేయబడిన నిధినిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరకిన సొత్తు పది రూపాయలకు మించిన విలువ గలదైనచో దొరకినవారు కలెక్టరునకు తెలియజేసి తీరవలెను. తెలుపక దాచినవారికి శిక్ష కలదు. ఈ సంగతి యెరిగినవారు పల్లెలలో కొలదిమందియే.

ఇప్పుడు మేము చెప్పబోవు నిధివేట వేరు. ఇందు గునపముతో పనిలేదు. త్రవ్వుట యసలే నిషిద్ధము. దీనికి పుట్టినిల్లు అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రము. 2000 సంవత్సరము మే నెల 3వ తేదీన డేవ్ ఉల్మరు అను నతడు ఒక నల్లని ప్లాస్టికు బకెట్టులో కొన్ని పుస్తకములు, కొంత డబ్బు, ఒక చిక్కుడుగింజల డబ్బా, ఒక ఉండేలు మొదలగునవి వేసి, అడవిబాట ప్రక్కన నుంచి, ఆ చోటు యొక్క అక్షాంశ రేఖాంశములను మాత్రము లోకమునకు వెల్లడించెను. "కొంత తీసికొనుడు, కొంత పెట్టుడు, పుస్తకములో పేరు వ్రాయుడు" అనునవే అతని నియమములు. మూడు దినములు గడచులోగా ఇరువురు ఆ బకెట్టును కనుగొనిరి. ఆ నెలాఖరునకు ఈ యాటకు జియోకాషింగ్ అను పేరు వచ్చెను. ఇప్పుడు ప్రపంచమంతట ఇట్టి డబ్బాలు ముప్పది లక్షలకు పైగా నున్నవి.

ఉల్మరు ఆ దినమునే బకెట్టు నుంచుటకు కారణము కలదు. మే 1వ తేదీ రాత్రివరకు అమెరికా ప్రభుత్వము తన ఉపగ్రహములు పంపు సంకేతములను సామాన్యుల విషయమున కావలెననియే కొంత చెరచి పంపుచుండెను. అందుచే చోటు చూపు యంత్రమును నమ్మి పోయినవాడు నూరు మీటర్లు తప్పిపోవుచుండెను. ఆ కట్టుబాటును తొలగించుటతో తప్పు పది మీటర్లకు తగ్గెను. నూరు మీటర్ల తేడాతో అడవిలో బకెట్టును వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే గదా. పది మీటర్లయినచో పిల్లలును వెదకగలరు.

కెనడాలో ఈ యాట మిక్కిలి వ్యాపించినది. ఆ దేశము వైశాల్యమున మన దేశమునకు మూడింతలు. జనులో, మన తెలుగు రాష్ట్రములు రెండింటి జనసంఖ్యలో సగమునకంటె తక్కువ. ఊరు దాటిన వెంటనే అడవియు సరస్సులును. ఇట్టి దేశమున సెలవుదినమున పిల్లలతో కలిసి డబ్బా వెదకుచు నాలుగు మైళ్లు నడచుట మంచి వినోదము. జాతీయోద్యానవనములలో డబ్బా పెట్టవలెనన్న అనుమతి కావలెను. నేలను త్రవ్వరాదు, తినుబండారము లుంచరాదు. వాసనకు ఎలుగుబంట్లు వచ్చునట! టొరాంటో ప్రాంతమునను ఆల్బర్టాలోను పెక్కు తెలుగు కుటుంబములు స్థిరపడినవి. వారి పిల్లలు ఈ యాట యాడుటలో వింతలేదు. మన దాగుడుమూతలకు ఆకాశమునుండి ఒకరు "అదిగో, అచట" అని చెప్పుచున్నట్లు ఊహించుకొన్నచో ఆట స్వరూపము తెలియును.

ఆ చెప్పువారెవరు, ఎట్లు చెప్పుచున్నారు అను ప్రశ్నకు సమాధానము కష్టమైనది కాదు. వానకాలమున మెరుపు మెరసిన పిదప ఉరుము వినబడువరకు లెక్కపెట్టు వాడుక మన యిండ్లలో నున్నది. మూడు లెక్కించులోగా ఉరిమినచో పిడుగు సుమారు కిలోమీటరు దూరమున పడినదని గ్రహింతుము. ఆలస్యమునుబట్టి దూరము తెలియుచున్నదన్నమాట. ఉపగ్రహముల పద్ధతియు నిదియే. భూమికి 20,200 కిలోమీటర్ల యెత్తున ముప్పది యుపగ్రహములు తిరుగుచున్నవి. ఒక్కొక్కదానిలో మిక్కిలి నిక్కమైన పరమాణు గడియారములు కలవు. ప్రతి యుపగ్రహమును "నేను ఫలానా చోట నున్నాను, ఇప్పుడు ఇంత సమయమైనది" అని ఎడతెగక చెప్పుచుండును. ఆ మాట సెకనుకు మూడులక్షల కిలోమీటర్ల వేగముతో వచ్చి, సెకనులో పదునైదవ వంతులో మన చేతి యంత్రమును చేరును. ఆలస్యమును కొలిచి యంత్రము దూరమును కట్టును. గడియారము సెకనులో పదిలక్షలవ వంతు తప్పినచో చోటు 300 మీటర్లు తప్పును. ఆ గడియారముల కంత నిక్కచ్చి కావలెను.

ఒక్క యుపగ్రహము దూరము తెలిసినంత మాత్రమున చోటు తేలదు. గుంజకు పలుపుతో కట్టిన గేదె పలుపు బిగియునంత దూరమున గుండ్రముగా ఎచటనైన నుండవచ్చును. రెండు గుంజలనుండి రెండు పలుపులు కట్టినచో, రెండును బిగిసి యుండుటకు రెండు చోట్లు మాత్రమే కలవు. మూడవ పలుపుతో ఒకే చోటు నిలుచును. నాల్గవ యుపగ్రహము ఎందుకనగా, మన ఫోనులోని గడియారము చౌకబారుది. దాని తప్పును సవరించుటకు.

ఈ లెక్కలలో ఒక స్త్రీ హస్తము కలదని మా చదువరులకు చెప్పకుండ ముందుకు పోజాలము. భూమి నున్నని గోళము కాదు. ఉబ్బెత్తులు పల్లములు కలది. దాని నిజమైన ఆకృతి తెలియనిదే ఉపగ్రహముల దూరములు పనికిరావు. వర్జీనియా రాష్ట్రమున నిరుపేద నల్లజాతి వ్యవసాయ కుటుంబమున 1930లో జన్మించిన గ్లాడిస్ వెస్టు గణితము చదివి, 1956లో డాల్‌గ్రెన్‌లోని నౌకాదళ పరిశోధనశాలలో చేరి, ఉపగ్రహములు కొలిచి పంపిన అంకెలనుండి భూమి ఆకృతిని గణించు పనిలో సంవత్సరముల తరబడి శ్రమించెను. ఆమె పేరు లోకమునకు తెలియుటకు 2018వరకు పట్టినది.

మన దేశమును ఈ విషయమున ఊరకుండలేదు. మన తెలుగుగడ్డమీది శ్రీహరికోటనుండియే 2013 జూలై 1న మొదటిదియు, 2016 ఏప్రిల్ 28న ఏడవదియు స్వదేశీయ దిక్సూచి ఉపగ్రహములు లేచినవి. ఈ యేర్పాటునకు నావిక్ అని పేరు. కొన్నిటిలో విదేశపు గడియారములు చెడి చిక్కులు తెచ్చినవి. 2023 మే 29న లేచిన దానిలో మన దేశముననే తయారైన రుబీడియము గడియారము నుంచిరి.

ఇక అంకెల మాట. మాచర్ల ఉత్తర అక్షాంశము 16 డిగ్రీల 28 నిమిషముల వద్ద, తూర్పు రేఖాంశము 79 డిగ్రీల 26 నిమిషముల వద్ద నున్నది. నరసరావుపేట 16 డిగ్రీల 14 నిమిషములు, 80 డిగ్రీల 3 నిమిషములు. అనగా మాచర్లకంటె నరసరావుపేట 14 నిమిషములు దక్షిణముగను, 37 నిమిషములు తూర్పుగను ఉన్నది. దక్షిణోత్తరముగా నిమిషమునకు కిలోమీటరు 850 మీటర్లు. తూర్పు పడమరలుగా మన ప్రాంతమున కొంచెము తక్కువ. గుణించి చూచినచో కాకి పోవు దారిన రెండూళ్ల నడుమ 71 కిలోమీటర్లు వచ్చును. లెక్కలు వచ్చిన ఆడపిల్లలు మధ్యాహ్నపు తీరికలో తమ యూరికిని అత్తవారి యూరికిని ఇట్లే కట్టి చూడవచ్చును.

యంత్రము చెప్పునది అంకెలు మాత్రమే. ఆ అంకెల చోట ఊరున్నదా, వాగున్నదా, దారి యున్నదా అని చెప్పవలసినది పటము. ఈ రెంటిని చాలమంది ఒకటిగా భావింతురు. ఉపగ్రహములు రాజునకును పేదకును, నగరమునకును అడవికిని సమానముగా చెప్పును. పటమట్లు కాదు, దానిని మనుష్యులు గీయుదురు. వారు చూచినదే అందుండును.

మన సీమ పటములకు పెద్ద చరిత్ర కలదు. కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశస్థుడు దక్షిణదేశమున కొలతలు కొలుచుచు తిరిగి, 1815లో భారతదేశమున కంతటికి మొదటి సర్వేయరు జనరలయ్యెను. ఆయనకు తోడు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు. కొలతలతో పాటు ఊరూర కరణములచే కైఫీయతులు వ్రాయించి, శాసనములకు నకళ్లు తీయించిరి. గుంటూరు సీమ గ్రామముల పాతకథ మనకు మిగిలినదన్న అది వారి చలువయే. అదే కాలమున, 1802 ఏప్రిల్ 10న, విలియం లాంబ్టను మదరాసులో గొలుసుతో మొదటి కొలత ప్రారంభించి, త్రికోణముల మీద త్రికోణములుగా దేశమంతయు అల్లుకొనుచు పోయెను. అతని కోణయంత్రము అర టన్ను బరువు! దానిని కొండలపైకి మోయించినవారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

ఆ సర్వే శాఖవారు నేటికిని పటములు వేయుచున్నారు. ఒక చమత్కారము: 80వ డిగ్రీ రేఖ సరిగా పలనాటి మధ్యనుండి పోవుచున్నది. అందుచే వారి లెక్కలో మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల 56 పి అను పటములోను, నరసరావుపేట 65 డి అను వేరొక పటములోను పడినవి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడుటతో ఊళ్లన్నియు ఒక జిల్లా క్రిందికి వచ్చినవి గాని, పటములు మాత్రము రెండుగనే యున్నవి.

కెనడావారు తమ దేశపు పటముల అంకరూపమును 2007లో ప్రజలకు ఉచితముగా నిచ్చిరి. అచటి నిధివేటగాండ్రకు అది యెంతో తోడ్పడెను. మన దేశమున పటమనగా రక్షణ రహస్యమను భావము చిరకాలము నిలిచెను. 2005లో పటములను రెండు తెగలుగా చేసి, ఒక తెగను ప్రజల కిచ్చిరి. 2021 ఫిబ్రవరి 15న మాత్రమే, దేశీయులు ముందనుమతి లేకయే కొలిచి పటములు గీయవచ్చునని ప్రభుత్వము ప్రకటించెను. ఈలోగా విదేశపు సంస్థల పటములు మన ఫోనులలో ఇల్లు కట్టుకొన్నవి. మన పటములను మనవారికే దాచిపెట్టుట వలన ఎవరికి లాభము కలిగెనో మాకు బోధపడదు.

పటములో పేరుండుట యెంత మాత్రపు సంగతి యని కొందరనవచ్చును. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మండలముల వైపు పోయి చూడుడు. నల్లమల అంచున సుగాలీ తండాలు గుట్టల నడుమ విసిరివేసినట్లుండును. కొన్ని తండాల పేర్లు ఫోను పటములలో నుండును, కొన్నిటివి ఉండవు, కొన్ని పేర్లు ఇంగ్లీషు అక్షరములలో పడి గుర్తుపట్టరానివై యుండును. రెండు మూడు తండాలకు ఒకటే పేరుండుటయు కద్దు. నొప్పులు పడుచున్న గర్భిణి యింట ఇది యెంతటి మాటయో ఆలోచింపుడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 బండ్ల సేవ మొదలై రాష్ట్రమంతట వ్యాపించెను. ఫోను చేసినవెంటనే అవతలివారు అడుగు మొదటి ప్రశ్నలు: ఏ మండలము, ఏ యూరు, ఏ గుర్తు? పగలైనచో వేపచెట్టును చెప్పవచ్చును, రాములవారి గుడిని చెప్పవచ్చును. అర్ధరాత్రమున, వానలో, మగవారు మిరపకోతలకో మేస్త్రీపనికో పొరుగూరు పోయియుండగా, కోడలిని చూచుకొను అత్తగారు బండివానికి దారి చెప్పుట యెట్లు? బండి సాగరు కుడికాలువ కట్టమీదికెక్కి, తూము దగ్గర దారి తెగి, వెనుకకు మరలవలసివచ్చినచో గడచిన అరగంట ఎవరిది?

ఇట్టి సమయమున ఆ అంకెలు అక్కరకు వచ్చును. చోటు తెలిసికొనుటకు ఫోనునకు టవరు అవసరము లేదు. ఉపగ్రహముల మాట వినిన చాలును. అవి చెప్పును, ఫోను వినును, అంతే. ఫోనునుండి వానికేమియు పోదు. కాని పటము చూపుటకును, ఎవరికైన మాట చేరవేయుటకును టవరు కావలెను. కనుక చేయవలసిన పని ముందుగనే చేయవలెను. టవరు అందు చోట మన ప్రాంతపు పటమును ఫోనులోనికి దించి యుంచుకొనవలెను. ఇంటి ముంగిట, ఆకాశము బాగుగ కనబడు చోట నిలిచి, పటముమీద మన చోటు చూపు నీలిచుక్కను వ్రేలితో కొంతసేపు నొక్కి పట్టినచో రెండు అంకెలు కనబడును. మొదటిది పదునారుతోను, రెండవది డెబ్బది తొమ్మిదితోనో ఎనుబదితోనో మొదలగును. చుక్క తరువాత నాలుగు స్థానములున్న చాలును. అది పదకొండు మీటర్ల లోపలి చోటును చూపును. ఆ రెండు అంకెలను బియ్యపు డబ్బా మూతమీదనో, దేవుని పటము వెనుకనో, పంచాంగము అట్టమీదనో పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టుడు. చదువురాని యత్తగారున్నచో పొరుగింటి పిల్లచే చదివింపవచ్చును. అంకెలు వరుసలో చెప్పుట ముఖ్యము. ముందు వెనుకలైనచో చోటు ఎచటికో పోవును. పదునారు ముందు, డెబ్బది తొమ్మిది వెనుక.

పటములో లేని పేరును చేర్చుటకును దారి కలదు. 2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్టు అనునతడు ప్రారంభించిన ఓపెన్ స్ట్రీట్ మ్యాపు అను పటమున ఎవరైనను తమకు తెలిసిన వీధిని, బావిని, తండాను చేర్చవచ్చును. తెలుగు లిపిలోనే పేరు వ్రాయవచ్చును. హైస్కూలు చదువుచున్న ఆడపిల్లలు నలుగురు కూడి ఒక ఆదివారము కూర్చున్నచో ఊరి వీధులు, చేతిపంపులు, అంగన్‌వాడీ, దారి తెగు చోట్లు అన్నియు ఎక్కింపగలరు. డబ్బాలు దాచి వెదకు ఆటకంటె ఇది మన పల్లెలకు తగిన వేటయని మా యభిప్రాయము. ఆ యాట మన చోట ఆడరాదని కాదు. కాని గుడుల దాపున, కోటగోడల నడుమ, అంకెలు చూచుకొనుచు తిరుగువారిని ఊరివారు నిధి దొంగలని పట్టుకొన్నచో తప్పు ఊరివారిది కాబోదు!

ఫోను అంకెలు పనికిరాని చోటొకటి కలదు. అది పొలము గట్టు. వెనుకటి సర్వేవారు 66 అడుగుల గొలుసుతో కొలిచెడివారు. గొలుసులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. 2020 డిసెంబరు 21న మన రాష్ట్రమున భూముల పునఃసర్వే మొదలైనది. డ్రోనులతోను, చేత పట్టుకొను రోవరు యంత్రములతోను కొలిచిరి. రాష్ట్రమున పలుచోట్ల స్థిరముగ నుంచిన యంత్రములు ఉపగ్రహముల తప్పును ఎప్పటికప్పుడు సవరించుచుండుటచే రోవరు కొలత కొలది సెంటీమీటర్లలో నిలుచును. ఫోనట్లు కాదు, ఆరుబయట సైతము అయిదు మీటర్లు తప్పవచ్చును. నూరు మీటర్ల గట్టు వెంబడి అయిదు మీటర్లనగా పండ్రెండు సెంట్ల పైచిలుకు నేల. అన్నదమ్ములు ఫోనులు చేతబట్టి "నా చుక్క ఇచట, నీ గట్టు అచట" అని వాదులాడుకొనుట వలన కోర్టు ఖర్చులు తప్ప ఫలితము లేదు.

పునఃసర్వే కొలతలపై పెక్కు ఫిర్యాదులు రాగా, 2024లో ప్రభుత్వము మారిన పిదప గ్రామసభలు జరిపి వానిని విచారించిరి. ఈ సందర్భమున మా చదువరుల కొక మాట. మన రాష్ట్రమున 1986లో చేసిన సవరణ వలన 1985 సెప్టెంబరు 5 నుండి ఉమ్మడి యాస్తిలో కొమార్తెకును కొమారునితో సమానమైన హక్కు కలిగెను. అయితే ఆనాటికి పెండ్లియైన వారికి లేకపోయెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికి వచ్చిన సవరణలో ఆ భేదమును తీసివేసిరి. హక్కు కాగితముమీద నున్నది. కాని సర్వేవారు గట్టుమీదికి వచ్చునాడు అచట నిలుచునది అన్నదమ్ములు మాత్రమే. గురజాలలో పుట్టి వినుకొండ మెట్టిన యాడుబిడ్డకు ఆ దినము తెలియనే తెలియదు. కొలతకు ముందు పట్టాదారులకు నోటీసు ఇచ్చుట చట్టము. రికార్డులో పేరు లేనివారికి నోటీసెట్లు వచ్చును? కావున పుట్టింటి భూమిలో పాలుగలవారు ముందు అడంగలులోను, పాసుపుస్తకములోను తమ పేరున్నదో లేదో తెలిసికొనవలెను. లేనిచో తహసీలుదారునకు వ్రాతమూలముగ అర్జీ నిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. రోవరు ఎంత సూక్ష్మముగ కొలిచినను, అది కొలుచునది గట్టునే; గట్టు ఎవరిదో అది యెరుగదు.

తుదకు, అంకె యున్నను చోటు లేని యూళ్ల సంగతి. మాచర్లకు వాయవ్యముగా కృష్ణ యొడ్డున నాగార్జునకొండ లోయలో, మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల విజయపురి యుండెను. అచటి మహాచైత్యమును కట్టించినది చాంతిసిరి. రాజు చాంతమూలుని సోదరి. బోధిసిరి అను ఉపాసిక మరికొన్ని కట్టడములు చేయించెను. స్త్రీల దానములను ఇంతగా చెప్పు శాసనములు మన దేశమున మిక్కిలి తక్కువ. 1955 డిసెంబరు 10న సాగరునకు శంకుస్థాపన జరిగెను. నీరు వచ్చులోపల, 1954 మొదలు 1960 వరకు, పురాతత్త్వశాఖవారు లోయనంతయు త్రవ్వి, కొలిచి, పటము గీసి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించి మరల కట్టిరి. లోయలోని పల్లెలవారును ఇల్లు వాకిళ్లు విడిచి లేచిపోయిరి.

నేడు లాంచిలో కొండకు పోవునపుడు ఫోను తెరచినచో నీలిచుక్క నీటిమీద కదలుచుండును. ఆ చుక్క క్రింద వీధులు, బావులు, ఒక రాజధాని గలవు. ఫోను పటములో వాని పేర్లు లేవు. పురాతత్త్వశాఖవారి పాతపటములో ఒక్కొక్క విహారమునకు ఒక్కొక్క సంఖ్యతో సహా అన్నియు ఉన్నవి.